తేనె తిన్న యోనాతాను: ఉపవాస దినాల్లో ఒంటి జాగ్రత్త



శ్రమల దినాలు దగ్గరపడుతున్నాయి. భస్మ బుధవారం మొదలు ఈస్టర్ ముందు రోజు వరకు, మధ్యలో వచ్చే ఆదివారాలు తీసివేస్తే నలభై రోజులు. ఈ రోజులు వస్తున్నాయంటే మన పల్లెల్లో ఉపవాస ప్రార్థనల ఫ్లెక్సీలు లేస్తాయి. మూడు రోజులు, ఏడు రోజులు, ఇరవై ఒక్క రోజులు, నలభై రోజులు అని వాట్సాప్‌లో పోస్టర్లు తిరుగుతాయి. ప్రార్థనకు ఇంతమంది ఆశపడటం సంతోషమే. ఉపవాసం మన విశ్వాసంలో కొత్తగా వచ్చింది కాదు. అంతియొకయలో ఉన్న సంఘం ఉపవాసముండి ప్రార్థించిన తరువాతే బర్నబాను, పౌలును సేవకు పంపింది. మేమూ ఉపవాసముంటాం, సంఘాన్నీ ఉండమని ప్రోత్సహిస్తాం.

అయితే ఒక విషయం స్పష్టంగా చెప్పాలని ఇది రాస్తున్నాం. ఉపవాసం ప్రకటించే సేవకుడు, ఉపవాసముండే ప్రతి ఒక్కరి శరీరం గురించి కూడా దేవుని ముందు లెక్క చెప్పవలసినవాడు. ఎవరికి షుగర్ ఉంది, ఎవరు గర్భవతి, ఎవరు ఎండలో కూలికి వెళ్తున్నారు అని అడగకుండా అందరికీ ఒకే ఉపవాసం ప్రకటించడం విశ్వాసం కాదు, అజాగ్రత్త. మాత్ర వేసుకోవడం, నీళ్లు తాగడం, ఒంట్లో బాగాలేనప్పుడు ఉపవాసం విరమించడం అవిశ్వాసం కాదు. ఇది మా అభిప్రాయం. దీనికి ఆధారం వాక్యంలోనే ఉంది.

సౌలు పెట్టిన ఒట్టు

మొదటి సమూయేలు 14వ అధ్యాయం తీసి చదవండి. ఇశ్రాయేలీయులు ఫిలిష్తీయులతో యుద్ధం చేస్తున్నారు. రాజైన సౌలు, సాయంత్రం దాకా ఎవరైనా భోజనం చేస్తే వారు శాపగ్రస్తులు అని జనంచేత ఒట్టు పెట్టించాడు. దేవుడు అలా చెప్పమన్నట్టు ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. అది సౌలు సొంత ఆవేశం. జనం పగలంతా పరుగెత్తి పోరాడారు. అడవిలోకి వస్తే నేల మీద తేనె ఉంది. ఒట్టుకు భయపడి ఎవరూ ముట్టలేదు. రాజు కుమారుడైన యోనాతాను మాత్రం ఆ ఒట్టు సంగతి వినలేదు. చేతికర్ర చివర తేనెపట్టులో ముంచి నోట పెట్టుకున్నాడు. వెంటనే అతని కళ్లు ప్రకాశించాయని వాక్యం చెబుతుంది. సంగతి తెలిసినప్పుడు, నా తండ్రి దేశాన్ని కష్టపెట్టాడని యోనాతాను పైకే అన్నాడు.

ఆ సాయంత్రం ఇంకొకటి జరిగింది. ఒట్టు గడువు తీరేసరికి ఆకలితో సొమ్మసిల్లిన జనం దోపుడుసొమ్ము మీద పడి, గొర్రెలను ఎద్దులను నేల మీదే వధించి రక్తంతోనే తిన్నారు. ధర్మశాస్త్రం వద్దన్న పనే చేశారు. ఆ తరువాత సౌలు తేనె తిన్న కొడుకునే చంపబోతే, జనం అడ్డుపడి విడిపించారు.

ఆలోచించకుండా ప్రకటించిన ఉపవాసం ఎలా ఉంటుందో ఈ ఒక్క అధ్యాయంలో పూర్తిగా ఉంది. శ్రమ చేసేవారి మీద ఉపవాసం మోపడం, వారు నీరసించిపోవడం, కొంచెం తీపి తగలగానే కళ్లు తేటపడటం, విరమించేటప్పుడు ఒక్కసారిగా ఎగబడి తినడం, చివరికి తిన్నవాడినే నేరస్థుణ్ణి చేయడం. ఈ ఐదూ ఈనాటికీ మన కూడికల్లో జరుగుతున్నాయి.

దీని పక్కన మార్కు 8వ అధ్యాయం పెట్టి చదవండి. జనం మూడు రోజులుగా యేసు ప్రభువు దగ్గరే ఉన్నారు, వారికి తినడానికి ఏమీ లేదు. వారిని పస్తుతో ఇళ్లకు పంపితే దారిలో మూర్ఛపోతారనీ, కొందరు దూరం నుండి వచ్చారనీ ప్రభువు శిష్యులతో అన్నాడు. ఎవరు ఎంత దూరం నడవాలో కూడా ఆయన లెక్కలోకి తీసుకున్నాడు. వాక్యం వినడానికి వచ్చినవారు దారిలో పడిపోకూడదన్నది ఆయన చింత. మనం సౌలులా ప్రకటిస్తున్నామా, ప్రభువులా చూసుకుంటున్నామా?

ఒంట్లో ఏం జరుగుతుంది

తిన్న అన్నంలోని చక్కెరలో కొంత కాలేయంలో నిలవ ఉంటుంది. భోజనం మానితే శరీరం ముందు ఆ నిలవను వాడుకుంటుంది. దాదాపు ఒక రోజులో అది తరిగిపోతుంది. తరువాత కొవ్వు కరుగుతుంది, దానితోపాటు కండ కూడా కొంత కరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారు ఒక పూటో ఒక రోజో నీళ్లు తాగుతూ ఉపవాసముంటే సాధారణంగా ప్రమాదం ఉండదు. కొంచెం తలనొప్పి, నీరసం ఉండవచ్చు. రోజూ టీ తాగే అలవాటున్నవారికి అది మానినందుకే తల పట్టేస్తుంది.

నీళ్లు మానేయడం మాత్రం వేరే సంగతి. కొవ్వులా నీటికి ఒంట్లో నిలవ ఉండదు. చెమటలో, మూత్రంలో, ఊపిరిలో పోతూనే ఉంటుంది. శ్రమల దినాలు ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తాయి. గుంటూరు, పల్నాడు, ఖమ్మం వైపు మిరపకోతలు ముమ్మరంగా సాగే రోజులివి. ఆ తరువాత ఉపాధి హామీ పనులు, ఎండలు. పొద్దున్నే చేలో దిగి మధ్యాహ్నం దాకా వంగి కాయ కోసే అక్కచెల్లెళ్లు నీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసముంటే వడదెబ్బకు దారి తీసినట్టే. గదిలో ఫ్యాను కింద మోకరించేవారి ఉపవాసం, చేలో కూలి చేసే తల్లి ఉపవాసం ఒకటి కావు. మా మాట ఏమంటే, ఎండాకాలంలో నీళ్లు లేని ఉపవాసాన్ని ఏ సంఘమూ ప్రకటించకూడదు. పనికి వెళ్లే రోజున ఉపవాసమే పెట్టకూడదు. పని లేని రోజు చూసుకుని ఉండవచ్చు.

ఎస్తేరు మూడు రోజులు నీళ్లు కూడా ముట్టలేదు కదా అని అడుగుతారు. నిజమే. కానీ అది ఒక జాతి మొత్తాన్ని చంపమని శాసనం వచ్చిన వేళ, ప్రాణానికి తెగించి రాజు దగ్గరకు వెళ్లబోయే ముందు చేసిన ఉపవాసం. ఏటేటా చేయమని ఎవరికీ ఆజ్ఞ ఇవ్వలేదు. పైగా మూడవ రోజునే ఆమె రాజు ముందు నిలబడింది, ఆ రోజే విందు కూడా చేసింది. యూదుల లెక్కలో రోజులో కొంత భాగమైనా ఒక రోజే. కాబట్టి దాన్ని పూర్తిగా డెబ్బై రెండు గంటలని పట్టుకోవలసిన పని లేదు.

మోషే నలభై రోజులు ఉన్నాడంటే సీనాయి కొండ మీద దేవుని సన్నిధిలో ఉన్నాడు. ఏలీయా నలభై రోజులు నడిచాడంటే, బయలుదేరేముందు దేవదూత అతణ్ణి రెండుసార్లు లేపి రొట్టె, నీళ్లు ఇచ్చి, ప్రయాణం నీ శక్తికి మించినది కనుక తినమన్నాడు. ప్రభువు నలభై రోజులు ఏమీ తినలేదనీ, ఆ తరువాత ఆకలిగొన్నాడనీ సువార్తలో ఉంది. వీరిలో ఎవరూ తక్కినవారికి నలభై రోజుల నియమం పెట్టలేదు.

అయ్యగారూ, మాత్ర వేసుకుంటే ఉపవాసం పోతుందా?

మాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. పోదు. ఉపవాసమంటే దేవుని కోసం భోజనాన్ని పక్కన పెట్టడం, చికిత్సను పక్కన పెట్టడం కాదు. హిజ్కియాకు పదిహేనేళ్ల ఆయుష్షు పెంచుతానని దేవుడే మాట ఇచ్చిన తరువాత కూడా, యెషయా అంజూరపు ముద్ద తెచ్చి పుండు మీద కట్టమన్నాడు. మాట ఇచ్చిన దేవుడే మందు కూడా వాడనిచ్చాడు. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడు. తిమోతి కడుపు జబ్బు గురించి పౌలు పత్రికలోనే సలహా రాశాడు.

అయితే ఇక్కడ రెండు వైపులా ప్రమాదం ఉంది, జాగ్రత్తగా వినండి.

షుగర్‌కు మన పల్లెల్లో వాడే మాత్రల్లో గ్లిమిపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ వంటివి ఉంటాయి. చాలామందికి ఇవి మెట్‌ఫార్మిన్‌తో కలిపి ఒకే గోళీగా ఇస్తారు. ఇవి ఒంట్లో ఇన్సులిన్‌ను పెంచుతాయి. తరువాత భోజనం వస్తుందన్న లెక్కతోనే వీటిని ఇస్తారు. మాత్ర వేసుకుని భోజనం మానితే షుగర్ పడిపోతుంది. ఇన్సులిన్ సూది వేసుకునేవారికీ అంతే. అలాగని మాత్రలో సూదో సొంతంగా మానేస్తే షుగర్ పైకి పోతుంది. చిన్న వయసులోనే షుగర్ వచ్చి ఇన్సులిన్ మీదే బతికే పిల్లలు సూది పూర్తిగా మానేస్తే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. డాపాగ్లిఫ్లోజిన్ వంటి కొత్త రకం మాత్రలు వాడేవారు ఉపవాసముంటే, మీటరులో షుగర్ పెద్దగా పెరిగినట్టు కనిపించకపోయినా రక్తంలో ఆమ్లాలు పెరిగే ప్రమాదం ఉంది. కనుక షుగర్ ఉన్నవారు ఉపవాసానికి ముందే మాత్రల చీటీ పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లి, ఏ మాత్ర ఆపాలి, ఏది తగ్గించాలి, అసలు ఉపవాసం ఉండవచ్చా అని అడగాలి. ఆ నిర్ణయం పాస్టరుది కాదు, పక్కింటివారిది అంతకన్నా కాదు.

బీపీకి మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారు నీళ్లు కూడా మానితే బీపీ పడిపోయి కింద పడతారు. టీబీ మందులు మధ్యలో ఆపితే జబ్బు మందులకు లొంగకుండా మొండికేస్తుంది, ఇంట్లో వారికీ అంటుకుంటుంది. మూర్ఛ మాత్ర మానితే ఫిట్స్ వస్తాయి. ఒళ్లునొప్పులకు వేసుకునే మాత్రలు ఖాళీ కడుపున పడితే కడుపులో పుండ్లు పడవచ్చు, రక్తం కారవచ్చు. కూలి పని చేసేవారిలో ఈ అలవాటు ఎక్కువ కనుక ప్రత్యేకంగా చెబుతున్నాం.

దేవుడు చూసుకుంటాడని మందులు పారేసేవారికి, ప్రభువు దేవాలయ శిఖరం మీద ఇచ్చిన జవాబు గుర్తుచేస్తాం. దూతలు పట్టుకుంటారు, దూకు అని సాతాను లేఖనమే చూపించి అడిగాడు. ప్రభువు దూకలేదు. దేవుణ్ణి శోధించకూడదన్నాడు.

దయ్యమా, షుగరా?

ఇది మా ప్రాంతంలోని ఒక సంఘంలో జరిగింది. శుక్రవారం ఉపవాస కూడిక. యాభై దాటిన ఒక తల్లి పొద్దున్నే షుగర్ మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా నడిచి వచ్చింది. మధ్యాహ్నం ప్రార్థన జరుగుతుండగా ఆమె ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. పిలిస్తే పొంతన లేని జవాబులు. చుట్టూ ఉన్నవారిలో కొందరు ఆత్మ దిగివచ్చాడన్నారు, కొందరు దయ్యం పట్టిందన్నారు. తల మీద చేతులు వేసి గట్టిగా గద్దించడం మొదలుపెట్టారు. ఆ గుంపులో నర్సింగ్ చదువుతున్న ఒక అమ్మాయి ఉంది. “పెద్దమ్మకు షుగర్ పడిపోయింది, పంచదార తీసుకురండి” అని అరిచి, పంచదార నీళ్లు తాగించింది. పావుగంటలో ఆ తల్లి తేరుకుని, “నాకేమైందే” అని అడిగింది. ఆ అమ్మాయి ఆ రోజు కాలేజీకి వెళ్లి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు.

యోనాతాను కళ్లు ప్రకాశించిన సంగతి చదివిన ప్రతిసారీ మాకు ఆ తల్లి గుర్తొస్తుంది.

కాబట్టి ఈ గుర్తులు ప్రతి సంఘ పెద్దకూ, పాటలు పాడే యవ్వనస్థులకూ తెలిసి ఉండాలి. చెమటలు, వణుకు, గుండె దడ, విపరీతమైన ఆకలి, కళ్లు మసకబారడం, తికమక మాటలు, అకారణ కోపం: షుగర్ వాడేవారిలో ఇవి కనిపిస్తే ముందు షుగర్ పడిపోయిందనే అనుకోవాలి. మీటరు ఉంటే చూడండి, 70 కంటే తక్కువ ఉంటే పడిపోయినట్టే. మీటరు లేదని ఆగవద్దు. మెలకువగా ఉండి మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాలు చూడండి, తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకున్న తరువాత అన్నమో ఇడ్లీయో పెట్టండి. ఆ రోజుకు ఆ మనిషి ఉపవాసం అయిపోయినట్టే. మాత్రల వల్ల పడిపోయిన షుగర్ కొన్ని గంటల తరువాత మళ్లీ పడిపోవచ్చు కనుక తేరుకున్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి. ప్రార్థన మానమని చెప్పడం లేదు. ఒకరు ప్రార్థిస్తుంటే ఇంకొకరు పంచదార కలపవచ్చు కదా.

ఎవరు ఉండకూడదు

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు భోజనం మానే ఉపవాసం ఉండకూడదు. తల్లి తినకపోతే కడుపులో బిడ్డ కూడా పస్తే. ఇన్సులిన్ వేసుకునేవారు, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, కడుపులో పుండ్లు, టీబీ, మూర్ఛ ఉన్నవారు, కొత్తగా ఆపరేషన్ అయినవారు, బాగా బక్కచిక్కినవారు డాక్టరు సరే అంటే తప్ప ఉండకూడదు. ముసలివారికి దాహం సరిగా తెలియదు, వారి విషయంలో ఇంకా జాగ్రత్త.

రక్తహీనత సంగతి వేరుగా చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారే. మన సంఘాల్లో ఉపవాస కూడికలకు ఎక్కువగా వచ్చేది కూడా స్త్రీలే. ఇంట్లో అందరికీ పెట్టి చివరికి మిగిలింది తినే తల్లి, మళ్లీ ఉపవాసం పేరుతో ఆ మిగిలింది కూడా మానేస్తుంది. ఆమెకు ఇంకా ఉపవాసం నేర్పాలా, ఆమె కంచంలో ముందు కూర వేయమని భర్తకు నేర్పాలా? యెషయా 58వ అధ్యాయంలో దేవుడు కోరిన ఉపవాసం ఆకలిగొన్నవారికి నీ ఆహారం పంచడమే.

మినహాయింపు ఇవ్వడం భక్తిని తగ్గించడం కాదు. రోమన్ కథోలిక సంఘ చట్టంలో ఉపవాస నియమం 18 ఏళ్లు నిండినవారి నుండి 59 ఏళ్లు నిండే వరకే. నియమంగా ఉపవాసముండే రోజులు భస్మ బుధవారం, శుభ శుక్రవారం రెండే. రంజాన్‌లో మన ముస్లిం పొరుగువారు కూడా రోగులకూ ప్రయాణికులకూ మినహాయింపు ఇస్తారు. మన స్వతంత్ర సంఘాల్లో ఇలాంటి రాసిపెట్టిన నియమం ఏదీ లేదు. అంతా పాస్టరు నోటి మాట మీదే నడుస్తుంది. అందుకే ఆ మాట జాగ్రత్తగా ఉండాలి.

ఏ ఉపవాసం, ఎన్ని రోజులు

అన్నం మొత్తంగా మానడమే ఉపవాసం అనుకోవద్దు. దానియేలు, అతని స్నేహితులు పది రోజులు శాకధాన్యాలు, నీళ్లతో ఉన్నారు. తరువాత మరొకసారి దానియేలు మూడు వారాలు రుచిగల భోజనం, మాంసం, ద్రాక్షారసం మాని దుఃఖించాడు. రోజూ పనికి వెళ్లేవారికి, మాత్రలు వాడేవారికి ఇది తగిన దారి. మాంసం, టీ, తీపి పదార్థాలు మానవచ్చు. సాయంత్రం సీరియళ్లు, ఫోను మాని ఆ గంట ప్రార్థనకు ఇవ్వవచ్చు. ఆరోగ్యవంతులు ఒక పూట మానవచ్చు, లేదా నీళ్లు తాగుతూ ఒక రోజు ఉండవచ్చు. ఒక రోజు దాటితే ముందు డాక్టరును అడగాలి. మూడు రోజులకు మించి నీళ్లతోనే ఉండే ఉపవాసాన్ని సంఘమంతటికీ ప్రకటించకూడదని మా గట్టి అభిప్రాయం.

ఉపవాసంలో నీళ్లు తరచుగా తాగండి. చెమట పట్టే రోజున ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఒకటి లీటరు నీళ్లలో కలుపుకోండి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి కలపండి. షుగర్, బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం ఇది కూడా డాక్టరును అడిగే తాగాలి. ఉపవాసముండి బండి నడపవద్దు, తాటిచెట్టు ఎక్కవద్దు, ఒంటరిగా పొలానికి వెళ్లవద్దు. ఇంట్లో ఒకరికైనా చెప్పండి. ఉపవాసం మనుషులకు కనపడేలా చేయవద్దని ప్రభువు మత్తయి 6లో అన్నాడు కదా అంటారేమో. అక్కడ ఆయన తప్పుపట్టింది గొప్ప చూపించుకోవడాన్ని. మీ భార్యకో మీ కొడుకుకో చెప్పడం గొప్ప చూపించుకోవడం కాదు.

కళ్లు తిరగడం, నిలబడలేకపోవడం, ఛాతీలో నొప్పి, ఆగని వాంతులు, ఆరేడు గంటలు మూత్రం రాకపోవడం, తికమక, ఇవి వస్తే వెంటనే ఉపవాసం విరమించి ఆసుపత్రికి వెళ్లాలి. రేపటితో అయిపోతుంది, ఓర్చుకో అని ఎవరూ చెప్పవద్దు. ఓడలో ఉన్నవారు పద్నాలుగు రోజులుగా ఏమీ తినకుండా ఉంటే, వారి ప్రాణరక్షణ కోసం ఆహారం తీసుకోమని పౌలే బతిమాలాడు. తానే ముందు రొట్టె విరిచి కృతజ్ఞత చెల్లించి తిన్నాడు. అపొస్తలుల కార్యములు 27 చూడండి. తినమని చెప్పడం కూడా ఒక సేవకుని పనే.

విరమించేటప్పుడు

ఉపవాస ప్రార్థనల చివరి రోజు మన దగ్గర ప్రేమ విందు ఉంటుంది. చికెన్ బిర్యానీ, పెరుగు పచ్చడి, స్వీటు. ఒక పూట మానినవారికి దీనితో ఇబ్బంది లేదు. ఎన్నో రోజులు ఏమీ తినకుండా ఉన్నవారికి మాత్రం ఇది నిజంగా ప్రమాదం. ఐదు రోజులకు మించి దాదాపు ఏమీ తినకుండా ఉన్న మనిషి ఒక్కసారిగా అన్నం ఎక్కువగా తింటే, రక్తంలోని ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం వంటి లవణాలు ఒక్కసారిగా కణాల్లోకి పోయి గుండె లయ తప్పవచ్చు, ఊపిరి ఆడకపోవచ్చు, మనిషి చనిపోవచ్చు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక, ఆకలితో ఎండిన ఖైదీలు విడుదలై కడుపు నిండా తిన్న తరువాత కొందరు చనిపోవడం డాక్టర్లు చూశారు. కనుక అన్ని రోజులు ఉన్నవారు ఇంట్లో కాదు, డాక్టరు పర్యవేక్షణలోనే విరమించాలి.

రెండు మూడు రోజులు ఉన్నవారు పలచని గంజితోనో రాగి జావతోనో మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా మజ్జిగ అన్నం, పప్పన్నం తినాలి. నూనె వంటలు, మసాలాలు, మాంసం ఆ రోజుకు వద్దు. ప్రేమ విందు పెట్టే సంఘాలు ముందు గంజి గిన్నె పెట్టండి. బిర్యానీ మరుసటి ఆదివారం పెట్టుకోవచ్చు. సౌలు జనం సాయంత్రం చేసిన పని మన ఆవరణలో జరగకూడదు.

తోటి సేవకులకు ఒక మాట

2023లో కెన్యా దేశంలోని షకహోలా అడవిలో ఏం జరిగిందో మీరు వినే ఉంటారు. పస్తుండి చనిపోతే యేసును చూస్తారన్న బోధ విని కుటుంబాలు ఆ అడవిలో ఆకలితో చనిపోయాయన్నది అక్కడి ఆరోపణ. నాలుగు వందలకు పైగా మృతదేహాలు తవ్వి తీశారు, వారిలో పిల్లలూ ఉన్నారు. ఆ బోధకుడి మీద కేసు నడిచింది. మన పల్లెల్లో అలాంటి బోధ లేదు, దేవునికి స్తోత్రం. కానీ ఇక్కడా జనం పాస్టరు మాటను దేవుని మాటగానే వింటారు. పాస్టరు ఉండమంటే ఉంటారు. అందుకే ఎప్పుడు ఆపాలో కూడా మన నోటితోనే వారికి చెప్పాలి.

ఉపవాసం ప్రకటించే ముందు ఆదివారం ఈ నాలుగు పనులు చేయండి. ఒకటి, మాత్రలు వాడేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఉపవాసం ఉండనక్కరలేదని వేదిక మీద నుండి, పేర్లు పెట్టకుండా, స్పష్టంగా చెప్పండి. రెండు, ఊరి ఆశా కార్యకర్తనో ఏఎన్ఎంనో పిలిచి ముప్పై ఏళ్లు దాటినవారందరికీ బీపీ, షుగర్ చూపించండి. ఆ పరీక్ష ప్రభుత్వం ఉచితంగా చేస్తుంది. తమకు షుగర్ ఉందని తెలియనివారు కూడా అప్పుడు బయటపడతారు. మూడు, కూడిక జరిగే చోట మంచినీళ్లు, పంచదార, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఉంచండి, 108కి ఫోన్ చేయవలసిన మనిషి ఎవరో ముందే చెప్పండి. నాలుగు, ఎవరు ఎన్ని రోజులు ఉన్నారో సాక్ష్యాల్లో లెక్కపెట్టించవద్దు. లెక్క మొదలైతే పోటీ మొదలవుతుంది. మధ్యలో విరమించిన చెల్లెలు తలవంచుకుని వెనక కూర్చుంటుంది. యోనాతానును జనం విడిపించినట్టు, ఆ చెల్లెలి పక్షాన నిలబడవలసింది మనమే.

ఉపవాసం ఉండలేనివారికి కూడా చేయడానికి పని ఉంది. మానిన పూటకు పట్టే బియ్యం ఒక గిన్నెలో వేసి, నెలాఖరుకు ఊళ్లో ఒంటరిగా ఉన్న ముసలివారికి ఇవ్వవచ్చు. బాలింతకు నాలుగు గుడ్లు తీసుకెళ్లవచ్చు. యాయీరు కుమార్తెను లేపిన తరువాత ప్రభువు చెప్పింది, ఆమెకు తినడానికి ఏదైనా పెట్టమని. చనిపోయిన పిల్లను లేపగలిగినవాడు ఆమె ఆకలిని మరచిపోలేదు.

ప్రార్థన చేద్దాం. పరలోకమందున్న మా తండ్రీ, ఈ శ్రమల దినాల్లో నీ సన్నిధిని వెదకే నీ బిడ్డలను కాపాడు. ఉపవాసముండేవారికి దీనమనసు, ఉండలేనివారికి సమాధానం దయచేయి. మందులు వాడే నీ బిడ్డల మీద నిందలు పడనీయకు. ఉపవాసం ప్రకటించే మా నోటికి కావలి పెట్టు. దూరం నుండి వచ్చినవారు దారిలో పడిపోకుండా చూసే నీ కుమారుని మనసు మాకు ఇవ్వు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమెన్.